‘నేను విద్యార్థిని’ అన్నది ఎవరు?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. 14 ఏళ్ల పాత్ర కేంద్రంగా ఒక నవల రాస్తున్నాను. ఇంట్లోవారూ బడిలోవారూ ఆ పాత్రను ఎలా చూస్తున్నారో అది తనకు అతకడం లేదని ఆ పాత్రకు తెలుసు. ఏది అతుకుతుందో మాత్రం ఇంకా తెలియదు. నవల సగం గడిచేదాకా కథకుడు కూడా ఆ పాత్ర అబ్బాయా, అమ్మాయా అన్నది తేల్చకూడదని నా ఉద్దేశం. ‘అతను’, ‘ఆమె’ మాని ‘తను’ అని రాసుకుంటూ పోతే సరిపోతుందనుకున్నాను. తీరా మొదటి పేజీలోనే ‘తను తలుపు తీసి బయటికి’ అన్నంతవరకు వచ్చి ఆగిపోయాను. ‘వచ్చాడు’ అనాలా, ‘వచ్చింది’ అనాలా? ‘వచ్చారు’ అంటే చదువుకునే పిల్లలకు పెద్దరికం అంటగట్టినట్టుంది. దారి ఏమైనా ఉందా?

ఒక ప్రత్యుత్తరం:

మీ చిక్కు సర్వనామంతో వచ్చినది కాదు, క్రియతో వచ్చినది. ఇంగ్లీషు క్రియలో లింగం కనబడదు కనుక అక్కడ సర్వనామం ఒక్కటి మారితే పని జరుగుతుంది. స్వీడిష్ వారు ‘హెన్’ అనే లింగరహిత సర్వనామాన్ని 2015లో తమ అకాడమీ పదకోశంలో చేర్చుకోగలిగారంటే, వారి క్రియలూ కర్త ఎవరని అడగవు కాబట్టే. తెలుగులో ఎంత కొత్త సర్వనామం కల్పించినా వాక్యం చివర ‘డు’, ‘ది’, ‘రు’ కాచుకొని ఉంటాయి.

అయితే లింగం చెప్పని క్రియారూపాలు కూడా తెలుగులో ఉన్నాయి. దీన్ని నవలాకారులు తగినంతగా వాడుకోలేదని నా అభిప్రాయం. ‘రాలేదు’ అన్నది అతనికీ, ఆమెకూ, వారికీ ఒకటే. ‘రావాలి’, ‘రావచ్చు’, ‘రాకూడదు’ కూడా అంతే. ‘వచ్చి’, ‘వస్తే’, ‘వచ్చిన’, ‘వచ్చేలోగా’ వంటి అసమాపక (వాక్యాన్ని ముగించని) రూపాలేవీ ఎవరి గుట్టూ బయటపెట్టవు. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. తెలుగులో అనుభూతులు చాలావరకు ‘కు’ విభక్తితో నడుస్తాయి. ‘తనకు భయం వేసింది’ అన్నప్పుడు క్రియ భయాన్ని అనుసరిస్తుందే తప్ప భయపడిన మనిషిని కాదు. సిగ్గు వేయడం, కోపం రావడం, ఆకలి కావడం, నచ్చడం, గుర్తుకు రావడం, అనిపించడం అన్నీ ఇలాంటివే. అంటే మీ పాత్ర లోపల జరిగేదంతా లింగం ఊసెత్తకుండా చెప్పవచ్చు. లేచి నాలుగడుగులు వేసిన మరుక్షణమే భాష ‘ఎవరు?’ అని నిలదీస్తుంది. కౌమారంలో ఈ సందిగ్ధంతో బతికే పిల్లల పరిస్థితి కూడా దాదాపు ఇదే కనుక, మీరు దీన్ని అడ్డంకిగా కాక నవల నిర్మాణంగానే తీసుకోవచ్చు.

ఉత్తమ పురుషలో రాయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ‘నేను వచ్చాను’ అన్నదాంట్లో, హిందీలోలా కాకుండా, లింగం లేదన్నది నిజమే. ‘నేను ఎవరిని?’ అన్న ప్రశ్నలోనూ లేదు. కానీ ఆ దారిలో రెండు గుంతలున్నాయి. మొదటిది ‘వాడిని’, ‘దాన్ని’ చేరే మాటలు. ‘పిరికివాడిని’, ‘పిరికిదాన్ని’ అన్న జంటను తప్పించుకోవచ్చు గానీ, ‘ఒక్కణ్ణే ఉన్నాను’, ‘ఒక్కదాన్నే ఉన్నాను’ అన్న జంటను చూడండి. తనకు ఎవరూ లేరని చెప్పుకోబోయిన పిల్లలు ఆ వాక్యంలోనే తాము ఎవరో ఒప్పుకోవలసి వస్తుంది. (‘ఒంటరిగా ఉన్నాను’ అంటే ఆ బాధ తప్పుతుంది కానీ, 14 ఏళ్లవారు అమ్మతో అలా మాట్లాడరు.) రెండవ గుంత ఇంకా లోతైనది. జ్ఞాపకాలు చెప్పే నవలకు ప్రాణమైన ‘ఆడుకునేవాడిని’, ‘ఆడుకునేదాన్ని’ అనే రూపం లింగం లేకుండా ఏర్పడనే ఏర్పడదు. కథ గతంలోని అలవాట్లలోకి వెళ్ళిన ప్రతిసారీ వాక్యాన్ని తిప్పి రాసుకోక తప్పదు.

మరొక ప్రత్యుత్తరం:

పైవారు చెప్పినదానికి చిన్న అభ్యంతరం. ‘వచ్చింది’ స్త్రీలింగ రూపమని మనం అనుకుంటున్నాం గానీ మన వ్యాకరణం అలా అనదు. చిన్నయసూరి బాలవ్యాకరణం నామాలను మహత్తులు, అమహత్తులు అని విభజించింది. పురుషవాచకాలు మహత్తులు, వస్తువులు, జంతువుల వంటివి అమహత్తులు. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతోనూ, బహువచనంలో మహత్తులతోనూ నడుస్తాయి. అందుకే ఆమె వచ్చింది, బండి వచ్చింది, వాన వచ్చింది. బహువచనానికి వచ్చేసరికి ఆడవారు, మగవారు కలిసి వచ్చారు, బండ్లు మాత్రం వచ్చాయి. తమిళ, కన్నడాలలో స్త్రీకి ఏకవచనంలో ప్రత్యేక క్రియారూపం ఉంది, తెలుగులో లేదు. ‘శిశువు ఏడ్చింది’ అన్నప్పుడు ఆ శిశువు మగబిడ్డ కావచ్చు కూడా. కనుక కథకుడు ఆ పాత్రను ‘బిడ్డ’ అనో, ‘ఆ ప్రాణం’ అనో పిలిచి, ‘బిడ్డ తలుపు తీసి బయటికి వచ్చింది’ అని రాస్తే తప్పేముంది?

మొదటి ప్రత్యుత్తరం రాసినవారు:

వ్యాకరణం దృష్టిలో తప్పు లేదు. పాఠకుడి చెవి మాత్రం వ్యాకరణాన్ని బట్టి వినదు. మనిషి గురించి ‘వచ్చింది’ అంటే అమ్మాయి అనే అనుకుంటుంది. పైగా బిడ్డ అన్న మాట శైశవాన్ని పట్టుకొని ఉంటుంది, 14 ఏళ్లవారిని పేజీల తరబడి బిడ్డ అంటే కథకుడి గొంతులో జాలి ధ్వనిస్తుంది. మీ ఉదాహరణలో నాకు నచ్చినది వేరే ఉంది. ‘ఏడ్చింది’ అని ఊరుకున్న భాష, అదే బిడ్డ నడవడం నేర్చేసరికి ‘డు’, ‘ది’ తేల్చమంటుంది. ఆ మార్పు ఏ రోజు జరిగిందో ఏ ఇంట్లోనూ ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న అడిగినవారికి మరొక మాట. ‘నేను విద్యార్థిని’ అన్న వాక్యాన్ని ఒకసారి పరిశీలించండి. విద్యార్థి అన్న మాటకు ఉత్తమ పురుష ‘ని’ చేరితే అది అబ్బాయైనా, ఎవరైనా చెప్పగల వాక్యం. విద్యార్థిని అన్న స్త్రీలింగ పదంగా తీసుకుంటే అమ్మాయి చెప్పిన వాక్యం. కచ్చితంగా ‘విద్యార్థినిని’ అనాలని పట్టుబట్టేవారు ఉన్నా, నోటి వాడుకలో అలా అనేవారు అరుదు. బడిలో మొదటి రోజు మీ పాత్ర లేచి నిలబడి ఈ మాట అంటే, తరగతిలో ప్రతి ఒక్కరూ తాము వినదలచుకున్నదే వింటారు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘విద్యార్థిని’ సంగతి నాకు ఇంతవరకు తట్టలేదు, రెండో అధ్యాయం దానితోనే మొదలుపెడతాను. ప్రథమ పురుషలోనే ఉంటాను. ‘ఒక్కణ్ణే’, ‘ఒక్కదాన్నే’ అన్న రెండు మాటల్లో ఒకదాన్ని ఆ పాత్ర మొట్టమొదటిసారి తనంతట తాను పలికే చోటును నవల మధ్యలో పెడతాను. దానికి ముందు సంభాషణల్లో కూడా ఆ రూపాలు దొర్లకుండా చూసుకోవాలి. మొదటి వాక్యం మార్చాను. ‘తలుపు తీసిన చప్పుడుకు ఇంట్లో ఎవరూ లేవలేదు.’