క్రాక్ కాపీ ఆడేవాళ్ళకి గేమ్‌లోనే ఉచ్చు పెట్టడం ఎలా?

మండీగేమ్_బెంగళూరు:

అందరికీ నమస్తే. నేనూ నా ఫ్రెండూ బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు కూర్చుని ఒక పీసీ గేమ్ చేస్తున్నాం. యశ్వంతపుర ఏపీఎంసీ యార్డులో ఉల్లిపాయల మండీ నడపాలి. తెల్లారేసరికి లారీలు దిగుతాయి, వేలం పాడాలి, వానొస్తే బస్తాల మీద పట్టాలు కప్పించాలి, సరుకు మెత్తబడేలోపు అమ్మేసి హమాలీలకీ లారీవాళ్ళకీ డబ్బు కట్టాలి. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో 350 రూపాయలకి పెడదామనుకుంటున్నాం.

సమస్య ఏంటంటే, టెస్టింగ్‌కని తెలిసినవాళ్ళకి ఇచ్చిన గేమ్ కాపీని (బిల్డ్‌ని) ఎవరో బయట పెట్టేశారు, ఇంకా అమ్మకమే మొదలవలేదు. పెద్ద కంపెనీలు కాపీ కాకుండా వాడే డెనువో లాంటి సాఫ్ట్‌వేర్లు మా వల్ల కాదు. కొన్ని గేముల్లో క్రాక్ కాపీ, అంటే లైసెన్స్ తాళం పగలగొట్టిన దొంగ కాపీ ఆడేవాణ్ణి గేమే ఏడిపిస్తుందట కదా, అది ఎలా చేస్తారు? ఇద్దరు మనుషులు చేసుకోగలిగిన పనేనా? డబ్బిచ్చి కొన్నవాడికి ఇబ్బంది రాకూడదు, నాకు అదే టెన్షన్.

కోరమంగళ_టెస్టర్:

తమ్ముడూ, నీకు దగ్గరగా ఉండేది గేమ్ డెవ్ టైకూన్. గ్రీన్‌హార్ట్ గేమ్స్ అని ఇద్దరు అన్నదమ్ములు పెట్టుకున్న చిన్న కంపెనీ, 2013లో తెచ్చారు. గేమ్ కంపెనీ నడపడమే అందులో ఆట. రిలీజ్ అవ్వగానే వాళ్ళే ఒక క్రాక్ వెర్షన్ తయారు చేసి, జనం ఫైళ్ళు పంచుకునే టొరెంట్‌లో పెట్టేశారు. మొదట్లో అంతా మామూలుగానే ఉంటుంది, కొన్ని గంటలు ఆడాక మాత్రం ఎంత మంచి గేమ్ తీసినా డబ్బు రాదు. బాస్, మన గేమ్ చాలామంది ఆడుతున్నారు గానీ కొనకుండా క్రాక్ దించుకుంటున్నారు అన్నట్టు ఒక మెసేజ్ వస్తుంది, ఇక అక్కణ్ణుంచి దివాలా తీసేదాకా వదలదు. దొంగ కాపీ ఆడినవాళ్ళే ఫోరంలకి వచ్చి, పైరసీ వల్ల నా కంపెనీ మునిగిపోతోంది, దీన్ని ఆపడానికి డీఆర్‌ఎమ్ (కాపీ కాకుండా వేసే తాళం) లాంటిదేమైనా రీసెర్చ్ చేసుకోవచ్చా అని అడిగారు! మొదటి రోజు లెక్క కూడా వాళ్ళే బయటపెట్టారు: 3,318 మంది ఆడితే 3,104 మంది క్రాక్ మీదే, అంటే 93.6 శాతం. కొన్నవాళ్ళు 214 మంది. ఎనిమిది డాలర్ల గేమ్ అది.

నీ మండీకి ఇది అచ్చంగా సరిపోతుంది. క్రాక్ కాపీలో రోజూ పొద్దున్నే నాలుగు బస్తాలు తక్కువ ఉండాలి, కాపలా పెట్టినా పోతూనే ఉండాలి, చివరికి మేస్త్రీ వచ్చి "అన్నా, మన సరుకు ఊరంతా తింటున్నారు గానీ డబ్బిచ్చేవాడే లేడు" అనాలి.

వేరే రకాలూ ఉన్నాయి. సీరియస్ శామ్ 3లో చావే లేని తేలు వెంటపడి చంపుతుంది, క్రైసిస్ వార్‌హెడ్‌లో తుపాకీ పేలిస్తే బుల్లెట్లకి బదులు కోళ్ళు వస్తాయి.

వేళచేరి_కోడ్:

నేను చెన్నైలో వేరే రకం సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సింగ్ పని చేస్తాను, సూత్రం ఒకటే కాబట్టి చెప్తున్నా. క్రాక్ చేసేవాడు ప్రోగ్రామ్‌లో లైసెన్స్ ఉందా లేదా చూసే చెక్ ఎక్కడుందో వెతికి దాన్ని పనిచేయకుండా చేస్తాడు. నువ్వు కనిపెట్టిన వెంటనే "ఇది నకిలీ" అని చూపించావనుకో, ఆ మెసేజ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో పట్టుకుని వెనక్కి వెళ్తే చెక్ దొరికిపోతుంది. అందుకే కనిపెట్టే చోటు ఒకటి, దెబ్బ కొట్టే చోటు ఇంకొకటి ఉండాలి, ఆ రెండింటి మధ్య ఆట చాలాసేపు నడవాలి. ఫైల్ చెక్‌సమ్ (ఫైల్‌లో ఏ చిన్న ముక్క మారినా మారిపోయే అంకె) లెక్కగట్టి, ఆ ఫలితాన్ని అవును కాదు అని ఒకచోట పెట్టకుండా నీ బస్తాల లెక్కలోనే కలిపెయ్యి. అప్పుడు దాన్ని పీకడానికి వాడు గేమ్ మొత్తం ఆడి చూసుకోవాలి.

2000లో ప్లేస్టేషన్‌కి వచ్చిన స్పైరో: ఇయర్ ఆఫ్ ద డ్రాగన్‌లో ఇన్‌సోమ్నియాక్ వాళ్ళు ఇలాగే పొరలు పొరలుగా చెక్‌లు పెట్టారు. ముందు ఒక దేవకన్య వచ్చి, నువ్వు ఆడేది మార్చేసిన కాపీ అయ్యుండొచ్చు అని చెప్తుంది. ఆడుతూ పోతే ఏరుకోవాల్సిన గుడ్లు, రత్నాలు మాయమవుతాయి, చివరి పోరాటం దగ్గరికి వెళ్తే సేవ్ చేసుకున్నదంతా పోతుంది. దానికి ముందు భాగం కొద్ది రోజుల్లోనే క్రాక్ అయింది, దీనికి రెండు నెలల పైనే పట్టింది. అమ్మకాల్లో పెద్ద వాటా మొదటి ఒకటి రెండు నెలల్లోనే కదా, ఆ వ్యవధే వాళ్ళకి కావాల్సింది. నీకూ అంతే, ఎప్పటికీ క్రాక్ కాకుండా ఆపడం ఎవరి వల్లా కాదు.

ఇందిరానగర్_ఆర్టిస్ట్:

బస్తాలు మాయం చేసే ముందు ఒక్క విషయం ఆలోచించండి. టైటన్ క్వెస్ట్ అని ఒక గేమ్ 2006లో వచ్చింది. దొంగ కాపీ అయితే క్వెస్ట్ (ఆటగాడికి ఇచ్చే పని) మొదలయ్యే చోట చెక్ జరిగి గేమ్ చప్పున ఆగిపోయేది, ఎందుకు ఆగిందో చెప్పే మెసేజ్ ఏదీ లేదు. అసలు గేమ్ షాపుల్లోకి రాకముందే, ఇది బగ్గుల పుట్ట, ఊరికే క్రాష్ అవుతుంది అని నెట్ నిండా రాసేశారు. దాన్ని తీసిన ఐరన్ లోర్ కంపెనీ 2008లో మూతపడింది. అప్పుడు ఆ గేమ్‌ని మార్కెట్‌లోకి తెచ్చిన టీహెచ్‌క్యూలో ఉన్న మైకేల్ ఫిచ్ ఈ సంగతంతా కోపంగా, వివరంగా రాశారు. మూతపడటానికి ఇదొక్కటే కారణం అని నేననను, కానీ చెడ్డపేరు మాత్రం దొంగ కాపీల వల్లే వచ్చింది.

2009లో బ్యాట్‌మన్: అర్ఖమ్ అసైలమ్‌కి అలా జరగలేదు. దొంగ కాపీలో బ్యాట్‌మన్ గాల్లో తేలలేడు. ఒకతను కంపెనీ ఫోరంలోకే వచ్చి అడిగితే, ఇది గేమ్ కోడ్‌లో బగ్ కాదు, నీ నీతిలో ఉన్న బగ్ అని మోడరేటర్ జవాబిచ్చాడు. ఫోరం చూసుకోవడానికి మనిషి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. మీ ఇద్దరూ పగలు ఆఫీసులో ఉంటారు, వంద మంది రివ్యూల్లో "బస్తాలు మాయమయ్యే బగ్" అని రాస్తే ఎవరు జవాబిస్తారు? మేస్త్రీ మాట చివర్లో కాదు, బస్తాలు పోయిన మొదటి రోజే రావాలి, వింటే ఇది కావాలని పెట్టిందే అని తెలియాలి.

మండీగేమ్_బెంగళూరు:

అక్కా, ఇది నాకు తట్టలేదు. మేస్త్రీ మాట ముందుకే జరుపుతాం. మరి వేళచేరి అన్నా, కొన్నవాడికే పొరపాటున తగిలితే? కేసు పెట్టే దారి కూడా ఉందా?

వేళచేరి_కోడ్:

కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ఉంది, తెలిసే దొంగ సాఫ్ట్‌వేర్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం కాకపోతే జైలు లేకుండా వదిలే వీలూ అందులోనే ఉంది. 350 రూపాయల గేమ్‌కి ఏ కుర్రాడి మీదో కోర్టుకెళ్ళకు.

పొరపాటు సంగతి: నెట్ లేకపోవడాన్ని ఎప్పుడూ దొంగతనం కింద లెక్కపెట్టకు. బెంగళూరు నుంచి చెన్నై రైల్లో ల్యాప్‌టాప్ తెరిచి ఆడుకునేవాడికి సగం దారి సిగ్నల్ ఉండదు. డిస్కులో ఫైల్ పాడైనా, మాడ్ (ఆటగాళ్ళు గేమ్‌కి చేసుకునే మార్పు) వేసుకున్నా చెక్‌సమ్ మారుతుంది, కాబట్టి బొమ్మలూ పాటలూ ఉన్న ఫైళ్ళని వదిలేసి లైసెన్స్ చూసే కోడ్ ఒక్కదాన్నే చెక్ చెయ్యి. యాంటీవైరస్‌లు రెండు మూడు పెట్టి, పాత విండోస్ మీదా ఆడించి చూడు. అనుమానం ఉంటే బస్తాలు ముట్టుకోకు.