ముఠా హత్య కేసులో రేంజి అధికారి చేయి ఎంతవరకు ఉండాలి?

తలకోన (చర్చ మొదలుపెట్టినవారు)

శేషాచలం, లంకమల, వెలిగొండల్లో ఎర్రచందనం కోసం జరిగే హత్యల గురించి మాట్లాడుకునేటప్పుడు ఒక ప్రశ్నను మనం ప్రతిసారీ దాటేస్తున్నాం. అడవిలో శవం కనిపిస్తే దాన్ని మొదట చూసేది బీట్ ఆఫీసరో, వాచరో. ఆ పక్కన ఉన్న దుంగల డంపు ఎవరిదో, ఏ మేస్త్రీ (ముఠా తరఫున కూలీలను కూడగట్టే మనిషి) మనుషులు ఆ దారిన తిరుగుతారో తెలిసినవాడు ఆ అటవీ ప్రాంతాన్ని చూసుకునే రేంజి అధికారి. కాని హత్య కాబట్టి దర్యాప్తు మొత్తం పోలీసు స్టేషనుకు వెళ్ళిపోతుంది. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ ఉద్యోగులను రాళ్ళతో, గొడ్డళ్ళతో చంపారు. వందల మంది తమిళ కూలీలను నిందితులుగా చేర్చారు. 2016లో తిరుపతి కోర్టు వాళ్ళను నిర్దోషులుగా విడిచిపెట్టింది. మరి ఆ ఇద్దరినీ ఎవరు చంపినట్టు? ఇలాంటి కేసుల్లో రేంజి అధికారికి దర్యాప్తులో చట్టబద్ధమైన భాగం ఉండాలని నా అభిప్రాయం.

రైల్వేకోడూరు కుర్రాడు

సరుకు బండికి ముందు దారి చూస్తూ వెళ్ళే పైలెట్ కార్లు నడిపిన వాళ్ళ పేర్లు మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సాక్షి సంతకం పెట్టమంటే మాత్రం ఒక్కరూ కనిపించరు. ముందు దాని సంగతి చూడండి.

పాత రేంజరు

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఈ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందాను కాబట్టి నా అనుభవమే చెబుతాను. ఒకసారి ఒక ఎండిన వంకలో బోర్లా పడి ఉన్న మనిషిని మా వాచరు చూసి కబురు చేశాడు. స్టేషను నుంచి వచ్చిన అధికారి తల వెనుక దెబ్బను చూసి, చీకట్లో బండ మీది నుంచి జారిపడ్డాడని అక్కడికక్కడే తేల్చారు. నేను శవం కంటే ముందు దాని చుట్టూ ఉన్న చెక్కపేళ్ళను చూశాను. ఎర్రచందనం నరికాక బరువు తగ్గించడానికి బెరడునూ, పైనుండే తెల్లచెక్కనూ గొడ్డలితో చెక్కేస్తారు. అప్పుడే చెక్కిన చేవ, అంటే లోపలి గట్టి చెక్క, నారింజ కలిసిన ఎరుపుగా మెరుస్తుంది, గాలి తగిలి రోజులు గడిచేకొద్దీ నల్లబడుతుంది. అక్కడి పేళ్ళలో అడుగువి నల్లబడ్డాయి, పైవి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పైగా డంపులో ఉన్న దుంగలన్నీ గుండ్రంగా చెక్కినవి, పై పేళ్ళు మాత్రం దుంగను నాలుగు పక్కలా చదునుగా చెక్కితే రాలే వెడల్పాటి పేళ్ళు. అంటే ఒక ముఠా దాచుకున్న సరుకు మీదకు రెండో ముఠా వచ్చింది, అక్కడే కూర్చుని చెక్కింది, ఆ గొడవలో ఈ మనిషి పోయాడు.

ఈ మాట చెబితే, మీ దుంగల కేసు మీరు రాసుకోండి, శవం కేసు మేము రాసుకుంటాము అన్నారు. అలాగే రాశాము. రెండు కేసులు రెండు దారుల్లో నడిచాయి, ఒకదానిలోని సంగతి రెండో దానికి చేరలేదు, రెండూ వీగిపోయాయి. పేళ్ళను చదవలేని వాడికి ఆ హత్య హత్యగానే కనిపించదని నేను ఇప్పటికీ అంటాను.

చిత్తూరు వకీలు

పాత రేంజరు గారి పరిశీలనను గౌరవిస్తూనే చెబుతున్నాను, ఆయన చెప్పినది నిపుణుడి సాక్ష్యం, దర్యాప్తు కాదు. ఈ రెండింటినీ కలిపేస్తే చర్చ ఎటో వెళ్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 50వ సెక్షను 8వ ఉపవిభాగం సోదా వారెంటు ఇవ్వడానికి, సాక్షులను రప్పించడానికి, సాక్ష్యం నమోదు చేయడానికి అటవీ శాఖకు అధికారం ఇచ్చిన మాట నిజమే. అయితే ఆ అధికారం ఆ చట్టం కింది నేరాలకే వర్తిస్తుంది, పైగా అసిస్టెంట్ కన్సర్వేటరు హోదాకు తగ్గని అధికారికే ఉంటుంది. రేంజి అధికారి ఆ హోదాకు దిగువన ఉన్నారు.

ఇంకొక చిక్కు ఉంది. పోలీసు అధికారి ముందు నిందితుడు ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదని పాత సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పేది, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టంలో 23వ సెక్షను అదే చెబుతోంది. అటవీ అధికారిని కోర్టులు పోలీసు అధికారిగా చూడవు కాబట్టి ఆయనకు ఆ అడ్డు లేదు. రేపు ఆయన చేతికి హత్య దర్యాప్తు ఇస్తే, ఆయన పోలీసు అవుతారా, లేక బేస్ క్యాంపులో కూర్చోబెట్టి రాయించుకున్న ఒప్పుకోలు మీద మనిషికి ఉరి పడుతుందా? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా అధికారం అడగడం సరికాదు.

గోదావరి గట్టు

మా రాజమండ్రివాడు పి. శ్రీనివాస్ గారిని ఎవరూ తలచుకోలేదేమిటి? కర్ణాటక అటవీ అధికారిగా వీరప్పన్‌ను 1986లోనే పట్టుకున్నది ఆయన. అతను తప్పించుకున్నాడు, అది వేరే సంగతి. వీరప్పన్ ఊరైన గోపీనాథంలో వైద్యం అందేలా చూసి, మారియమ్మ గుడి కట్టించి, ఊరి మనసు గెలిచి సమాచారం రాబట్టారు. ఇది పోలీసులవల్ల అయ్యే పనేనా?

చిత్తూరు వకీలు

గోదావరి గట్టు గారూ, అదే ఉదాహరణ నా వాదనకూ పనికి వస్తుంది. లొంగిపోతానన్న మాట నమ్మి ఆయుధం లేకుండా వెళ్ళిన ఆ అధికారిని 1991 నవంబరు 10న అదే మనిషి చంపాడు. కీర్తిచక్ర ఆ తరువాత వచ్చింది. వీరప్పన్ చనిపోయింది 2004 అక్టోబరులో, అది కూడా పోలీసు ప్రత్యేక దళం చేతిలో.

పాత రేంజరు

వకీలు గారూ, పదమూడేళ్ళు పట్టిందని మీరే చెబుతున్నారు. ఆ పదమూడేళ్ళు చేతిలో అధికారం ఉన్నది ఎవరికి? మీరు హోదా దగ్గరే ఆగిపోయారు. అసిస్టెంట్ కన్సర్వేటరు గారు ఆ వంక దాకా నడిచి వస్తే నాకూ సంతోషమే.

చిత్తూరు వకీలు

నేను ఆగింది హోదా దగ్గర కాదు, చట్టం దగ్గర. మీకు అక్కరకు వచ్చే మాట కూడా చెబుతాను, వినండి. భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షను వ్యవస్థీకృత నేరానికి సంబంధించినది. ఆ నేరంలో ప్రాణం పోతే మరణశిక్ష గాని యావజ్జీవం గాని పడుతుంది, పది లక్షలకు తగ్గని జరిమానా అదనం. అయితే ఆ సెక్షను పెట్టాలంటే ఆ ముఠా మీద గత పదేళ్ళలో ఒకటికి మించిన ఛార్జిషీట్లు దాఖలై, కోర్టు వాటిని విచారణకు స్వీకరించి ఉండాలి. ఎర్రచందనం ముఠాలకు సంబంధించి ఆ పాత కేసులు ఎక్కువగా ఎవరి బీరువాలో ఉంటాయి? రేంజి కార్యాలయంలో. దుంగల కేసును సరిగ్గా రాసి, మేస్త్రీ పేరు దగ్గర 'పరారీలో ఉన్న గుర్తు తెలియని వ్యక్తి' అని ముగించకుండా కోర్టుదాకా తీసుకువెళ్ళిన రేంజి అధికారి హత్య కేసుకు చేయగలిగిన సాయం అదే. కొత్త అధికారం అక్కర్లేదు, పాత పని పూర్తిచేస్తే చాలు. మీ వంక కేసులో మేస్త్రీ పేరు రాశారా?

పాత రేంజరు

ఆ ప్రశ్నలోని ఎత్తిపొడుపు నాకు అర్థమైంది. రాశాను.

జవ్వాది కొండ కింద

నేను తిరువణ్ణామలై జిల్లాలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన ఉపాధ్యాయుడిని. మీరంతా అధికారం ఎవరికి ఇవ్వాలని కొట్లాడుకుంటున్నారు గాని, ఉన్న అధికారం ఏమి చేసిందో ఎవరూ అడగడం లేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది కూలీలను కాల్చి చంపారు. అది మీ పోలీసులూ, అటవీ సిబ్బందీ కలిసి ఉన్న టాస్క్‌ఫోర్సు చేసిన పని. మా బడిలో నాలుగో తరగతి చదివే ఒక పిల్లవాడు ఆ వారం తరువాత బడికి రాలేదు. వాళ్ళ నాన్న మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నది చెల్లెలి పెళ్ళికి. ఆయనను లారీ ఎక్కించిన మేస్త్రీ మాత్రం మరుసటి ఏడాది మళ్ళీ మా సంతలో కనిపించాడు.

పాత రేంజరు

2013 డిసెంబరులో మా వాళ్ళు ఇద్దరు రాళ్ళ దెబ్బలకు చనిపోయినప్పుడు మీ సంతలో ఎవరైనా బాధపడ్డారా? మా పిల్లలు కూడా బడికి వెళ్ళేవాళ్ళే.

జవ్వాది కొండ కింద

బాధపడలేదని మీకు ఎవరు చెప్పారు? ఆ కేసులో వందల మందిని రెండేళ్ళకు పైగా జైల్లో ఉంచి చివరికి రుజువు చేయలేకపోయింది ఎవరు? మేమా?

తలకోన

ఇద్దరూ దయచేసి శాంతించండి. చర్చ దర్యాప్తు అధికారం గురించి.

వాచరు కూతురు

తలకోన గారూ, చర్చ అధికారం గురించి కాదు. మూడు రోజులుగా చదువుతున్నాను, ఇప్పటిదాకా రాయలేదు.

మా నాన్న ప్రొటెక్షన్ వాచరు. రోజుకూలి మీద బేస్ క్యాంపులో ఉండేవారు. ఒక హత్య కేసులో అడవిలో మొదట శవాన్ని చూసింది ఆయనే. అక్కడ పడి ఉన్న టార్పాలిన్ సంచి ఏ మేస్త్రీదో గుర్తుపట్టి, తన రేంజి అధికారికి చెప్పింది ఆయనే. ఆ సంచికి నీలం నైలాన్ తాడుతో వేసిన మూడు కుట్లు ఉండేవి. అంతకు ముందు నెలలో ఒకసారి తరుముతుండగా ఆ మనిషి వీపు మీద అదే సంచి చూశారు. అధికారి మెచ్చుకున్నారు, పోలీసులకు చెప్పారు, పోలీసులు రాసుకున్నారు. ఆ కాగితంలో మా నాన్న పేరు, తండ్రి పేరు, ఊరు, వీధి అన్నీ ఉన్నాయి. కాగితం నకలు నిందితుడి వకీలుకు చేరింది. ఆ తరువాత మా ఇంటి ముందు రాత్రిపూట బండ్లు ఆగడం మొదలైంది. అధికారికి మూడు నెలల్లో బదిలీ అయింది. మాకు బదిలీ ఎక్కడికి?

పాత రేంజరు గారూ, మీ వంకలో శవాన్ని మొదట చూసిన వాచరు గురించి మీరు ఒకే ఒక్క మాట రాశారు, కబురు చేశాడని. పేళ్ళ గురించి మాత్రం పేరా నిండా రాశారు. వకీలు గారు హోదా గురించి రాశారు, ఉపాధ్యాయుడు గారు కూలీల గురించి రాశారు. రేంజి అధికారికి అధికారం ఇచ్చినా, పోలీసులకే ఉంచినా, ఆ కాగితం మీద పేరు ఎవరిది ఉంటుంది?

రైల్వేకోడూరు కుర్రాడు

నేను మొదట్లో అడిగింది ఇదే.

పాత రేంజరు

అమ్మా, నీకు జవాబు చెప్పకుండా తప్పుకోవడం నాకు మర్యాద కాదు. ఆ రోజు వంక దగ్గర మహజరుకు, అంటే అక్కడ చూసినదంతా రాసే కాగితానికి, ఇద్దరు పంచులు (సాక్షి సంతకం పెట్టేవాళ్ళు) కావాలి. అంత ఉదయాన అక్కడ ఇంకెవరూ లేరు. మా వాచరునే రెండో పంచుగా పెట్టాను. పేరూ ఊరూ నా చేతిరాతే. అది మామూలుగా చేసే పని అనుకున్నాను, అందుకే ఇక్కడ రాయడానికి కూడా తోచలేదు. అతను ఆ తరువాత ఏడాదిలోపే పని మానేశాడు. ఎందుకని నేను అడగలేదు. నాకు ఇప్పటికీ దర్యాప్తులో రేంజి అధికారి ఉండాలనే ఉంది, ఆ మాట వెనక్కు తీసుకోను. కాని నువ్వు అడిగినదానికి నా దగ్గర సమాధానం లేదు.

చిత్తూరు వకీలు

సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించింది. సాక్షి గాని, కుటుంబ సభ్యుడు గాని, దర్యాప్తు అధికారి గాని జిల్లా జడ్జి అధ్యక్షుడిగా ఉన్న కమిటీకి దరఖాస్తు పెట్టవచ్చు. ముప్పు తీవ్రతను బట్టి ఇంటి దగ్గర కాపలా, గుర్తింపు దాచడం, మరో ఊరికి మార్చడం వరకు అందులో ఉన్నాయి. ఇక్కడ కూడా గమనించవలసినది, దర్యాప్తు అధికారి అంటే పోలీసు అధికారే గాని రేంజి అధికారి కారు, కాబట్టి పాత రేంజరు గారి కోరికకు ఈ ఒక్క విషయంలో కొంత న్యాయం ఉంది.

వాచరు కూతురు

ధన్యవాదాలు. మా నాన్న సంతకం పెట్టింది 2014లో. కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది, ఈ నెలలో మళ్ళీ సమన్లు వచ్చాయి. ఆ దరఖాస్తు ఏ కార్యాలయంలో ఇవ్వాలో, దానికి ఏ కాగితాలు జతచేయాలో మాత్రం చెప్పండి.