అప్‌డేట్: స్లర్మ్ క్లస్టర్‌లో నోడ్‌లు డౌన్ అవడానికి కారణం దొరికింది

ముందు అడిగింది ఇదీ: మా స్లర్మ్ క్లస్టర్‌లో (స్లర్మ్ అంటే చాలా కంప్యూటర్లకు జాబ్‌లు పంచే సాఫ్ట్‌వేర్) కొన్ని కంప్యూట్ నోడ్‌లు, అంటే జాబ్‌లు నడిపే మెషిన్లు, రీబూట్ కాగానే డౌన్‌లోకి వెళ్లిపోతున్నాయి, లాగ్‌లో ‘రివౌండ్ క్రెడెన్షియల్’ అని వస్తోంది. మంజ్ (నోడ్‌ల మధ్య మెసేజ్‌లు ఎవరివో నిర్ధారించే ప్రోగ్రామ్) వాడే రహస్య కీ తేడా అయ్యుంటుందని చాలామంది అన్నారు. కీ అన్ని నోడ్‌లలోనూ ఒకటే. అసలు తేడా గడియారంలో ఉంది!

మంజ్ ఇచ్చే ప్రతి క్రెడెన్షియల్‌లో (గుర్తింపు టోకెన్‌లో) టైమ్ ఉంటుంది, చెల్లుబాటు మామూలుగా 300 సెకన్లు. ఆ నోడ్‌ల టైమ్ అంతకంటే ఎక్కువ వెనకబడింది. దాంతో కంట్రోలర్ (స్లర్మ్ ప్రధాన సర్వర్) పంపిన క్రెడెన్షియల్స్ భవిష్యత్తులోంచి వచ్చినట్టు కనిపించడంతో ఆ నోడ్‌లు వాటిని తిరస్కరించాయి. టైమ్‌ను సరిగ్గా ఉంచే క్రోనీ ప్రోగ్రామ్‌కి కావలసిన యూడీపీ 123 పోర్ట్ ఫైర్‌వాల్‌లో మూసి ఉంది. తెరిచి, టైమ్ సరిచేసి, స్లర్మ్ ఎస్‌కంట్రోల్ కమాండ్‌తో నోడ్‌లను రెజ్యూమ్ చేశాక జాబ్‌లు నడుస్తున్నాయి. పెద్ద టెన్షన్ తీరింది.

పనిలో పనిగా భద్రత కూడా చూశాం. మంజ్ కీ ఎవరి చేతికైనా చిక్కితే రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) పేరుతో కూడా క్రెడెన్షియల్ తయారు చేయొచ్చు, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కొత్త కీ తయారుచేసి, ఓనర్‌గా మంజ్ యూజర్‌ని పెట్టి, పర్మిషన్ 0400 (ఓనర్ మాత్రమే చదవగలిగేలా) ఇచ్చి, అన్నిచోట్లా మంజ్ డీమన్‌ను రీస్టార్ట్ చేశాం. స్లర్మ్ వాడే 6817, 6818 పోర్ట్‌లు ఇప్పుడు లోపలి నెట్‌వర్క్‌కే తెరిచి ఉన్నాయి. ఫైర్‌వాల్ బిగించాక ఇంటరాక్టివ్ జాబ్‌లు ఆగిపోతే స్లర్మ్ కాన్ఫిగ్‌లో ఎస్‌రన్ (జాబ్‌లు మొదలుపెట్టే కమాండ్) పోర్ట్ రేంజ్ పెట్టి, యూజర్లు లాగిన్ అయ్యే లాగిన్ నోడ్‌లో ఆ రేంజ్ తెరవండి.

గడియారం చూడమన్న ఆ ఒక్కరికి చాలా చాలా థ్యాంక్స్ అండీ.