బ్రీత్ టెస్ట్ నెగటివ్, కానీ పాలు తాగితే నరకం. ఎవరికైనా ఇలా అయిందా?

అందరికీ నమస్తే. పాలు, కాఫీ, పాయసం ఏది తీసుకున్నా గంట రెండు గంటల్లో పొట్ట ఉబ్బిపోయి గుడగుడలు, ఒక్కోసారి బాత్రూంకి పరుగే, కానీ పెరుగన్నం, మజ్జిగ మాత్రం ఏమీ చెయ్యవు (అదొక్కటి నయం, పెరుగు లేకుండా మా ఇంట్లో భోజనం అయినట్టే కాదు). గ్యాస్ట్రో డాక్టర్ గారు లాక్టోజ్ హైడ్రోజన్ బ్రీత్ టెస్ట్ రాశారు (లాక్టోజ్ అంటే పాలలో ఉండే చక్కెర, అది అరక్కపోతే పేగుల్లో సూక్ష్మజీవులు దాన్నుంచి హైడ్రోజన్ తయారుచేస్తాయి, అది ఊపిరిలో ఎంత వస్తుందో చూస్తారు). ముందు రోజు పప్పు, కూరలు లేకుండా ఉత్త తెల్లన్నం తిన్నా, పొద్దున్నే పరగడుపున ఒకసారి ఊదించి, 25 గ్రాముల లాక్టోజ్ నీళ్లలో కలిపి తాగించి, అరగంటకోసారి మూడు గంటలపాటు ఊదిస్తూనే ఉన్నారు. ఊపిరిలో హైడ్రోజన్ మొదట 4 పీపీఎం (పది లక్షల భాగాల్లో 4), చివరికి 15. మొదటి రీడింగ్ మీద కనీసం 20 పెరిగితేనే పాజిటివ్ అంట, నెగటివ్ అని రాసిచ్చేశారు. మరి అక్కడ కూర్చున్నప్పుడే పొట్ట బిగుసుకుపోయిందే, దాని సంగతేంటి?

కొంతమంది పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు హైడ్రోజన్‌ని మీథేన్‌గా మార్చేస్తాయని, అందుకే లాక్టోజ్ అరక్కపోయినా రీడింగ్ పెరగదని చదివా, ఆ ల్యాబ్ మెషిన్ ఏమో హైడ్రోజన్ ఒక్కటే చూస్తుందట. పైగా టెస్ట్‌కి కొద్దిరోజుల ముందే గొంతు నొప్పికి యాంటీబయాటిక్ కోర్సు వాడా, అది పేగుల్లో ఆ సూక్ష్మజీవుల్ని కూడా చంపేస్తుంది కాబట్టి నాలుగు వారాలు గ్యాప్ ఉండాలి కదా, ఒక్కరూ అడగలేదు అసలు.

హైదరాబాద్‌లో మీథేన్ కూడా కొలిచే చోటు ఎవరికైనా తెలుసా? ఖర్చు ఎంతవుతుంది? మళ్లీ టెస్ట్ అవసరమా, లేక కొన్నాళ్లు పాలు మానేసి, మళ్లీ తాగి చూస్తే సరిపోతుందా? డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే నెలకి గానీ లేదు, ఈలోపు చేయించుకున్నవాళ్లు చెప్పండి ప్లీజ్.