సమస్య: "చదువురాని రాయి చదువు నిలిపె"

ఛందస్సు ఆటవెలది. ఇచ్చినది నాలుగో పాదం; మిగిలిన మూడూ రాసి దానికి అర్థం కుదర్చడమే పూరణ. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గురువు, లఘువు అనే బరువు, తేలిక అక్షరాల కూర్పులే గణాలు). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం (పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి), ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది.

ఈసారి విషయం కూడా ఇస్తున్నాను: చేత్తో చేసుకున్న బుక్‌ఎండ్‌లు (పుస్తకాల వరుస ఒరగకుండా ఇరువైపులా పెట్టే ఆసరాలు), వాటి నడుమ ఈ ఏడాది చదవాలనుకుని పేర్చిన పుస్తకాలు. పద్యంలో రెండూ కనబడితే మంచిది, ఒకటి స్ఫురించినా చాలు. అక్షరం ముక్క రాని రాయి చదువును నిలపడమేమిటి? ఆపిందా, కూలిపోకుండా పట్టుకుందా? రెండు దారులూ తెరిచే ఉన్నాయి. సమస్యాపాదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. మూడో పాదం చివర ద్రుతం (పదం చివరి నకారం) వచ్చి, దాని తర్వాతి 'చదువు' 'జదువు' కావాలి కదా అని ఎవరూ అడగవద్దు, నేనూ అడగను.

*

మొదటి పూరణ, తోటపని మీద మక్కువగల అన్నగారిది.

వాలు పుస్తకముల వరుసకు నిరువైపు
ఏటి రాళ్ల రెంటి నెత్తి పెట్ట
ఒరిగి చినుగకుండ నొక్కొక్క పొత్తమ్ము
చదువురాని రాయి చదువు నిలిపె

అన్నగారూ, గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. పుస్తకం ఒరిగితే చినుగుతుందన్న మాట పద్యానికి ప్రాణం. ఏటవాలుగా నెలల తరబడి ఉన్న పుస్తకానికి అట్ట వంకరపోతుంది, వెన్ను దగ్గర కుట్టు వదులవుతుంది. అది తెలిసినవారే ఆ మాట వేయగలరు.

లోపం ఒక్కటే. రెండు, మూడు పాదాలు అచ్చుతో మొదలయ్యాయి. పద్యం నడుమ అచ్చు అలా విడిగా నిలబడితే విసంధి. మూడో పాదానికి మందు తేలిక: 'పెట్టన్' ద్రుతాంతం కనుక 'నొరిగి' అంటే చాలు, యతికి ఒకారం ఎలాగూ ఉంది. రెండో పాదంలో 'నేటి రాళ్ల' అని సంధి చేస్తే 'ఈనాటి రాళ్లు' అనుకుంటారు. అందుకని ఏటిని వాగు చేశాను:

వాలు పుస్తకముల వరుసకు నిరువైపు
వాగు రాళ్ల రెంటి పాదుకొలుప
నొరిగి చినుగకుండ నొక్కొక్క పొత్తమ్ము
చదువురాని రాయి చదువు నిలిపె

'వా'కు 'పా' యతి చెల్లుతుంది. 'పాదుకొలుప' అన్నది కేవలం యతి కోసం తెచ్చింది కాదు. వాగురాయి గుండ్రన. ఊరికే పెడితే దొర్లిపోతుంది. అడుగునొక ముఖం, పుస్తకానికి ఆనేవైపు మరొక ముఖం చదునుగా అరగదీస్తేనే పాదుకుంటుంది.

చెక్కపని చేసే మిత్రుడు ఇక్కడొక మాట కలిపారు, అందరికీ పనికొస్తుంది: "అడుగున ఫెల్టు గుడ్డ అంటిస్తే బల్లకు గీతలు పడవు గానీ, నున్నని బల్లమీద అది జారుతుంది. పలచటి రబ్బరు గానీ కార్కు గానీ వేస్తే పట్టు ఉంటుంది. ఒరిగే పుస్తకాల తోపు అడ్డంగా వస్తుంది. దాన్ని ఆపేది రాయి బరువు, అడుగు గరుకుదనం, ఈ రెండే. ఎత్తు కూడా చూసుకోవాలి. పుస్తకంలో సగం ఎత్తుకైనా రాయి అందకపోతే దాని పైనుంచి పుస్తకం వంగిపోతుంది."

*

ఇప్పుడిప్పుడే పద్యం రాస్తున్న చెల్లెలి పూరణ.

కొత్త యేడు కొన్న కొత్త పుస్తకములు
బల్లమీద అన్ని వాలిపోతె
గులకరాళ్లు నింపిన గుడ్డసంచి నుంచితే
చదువురాని రాయి చదువు నిలిపె

అమ్మా, ఊహ చాలా బాగుంది. రాయి అనగానే అందరం పెద్ద బండనే తలుచుకున్నాం. నువ్వు గులకరాళ్లు గుడ్డసంచిలో పోసి కుట్టేశావు. రాయి చెక్కే పనిముట్లు లేని ఎవరైనా ఒక పూటలో చేసుకోగల బుక్‌ఎండ్ ఇది. సంచి అడుగు వెడల్పుగా, చదరంగా కుట్టడం మాత్రం మరవకు.

మొదటి పాదం నిర్దుష్టం. 'కొత్త పుస్/తకములు' అని విరిచి చూడు: ర గణం, నలం, రెండూ ఇంద్రగణాలే. తెలిసి వేశావో చెవి చెప్పిందో గానీ, హాయిగా ఉంది. రెండో పాదంలో గణాలు సరే, 'మీద అన్ని' విసంధి, 'పోతె' వ్యావహారికం. మూడో పాదంలో గణభంగం. 'గులక, రాళ్లు, నింపి' దాకా మూడు సూర్యగణాలు కుదిరాయి. తర్వాత 'న గుడ్డ' అని లఘువుతో మొదలై గురువు, లఘువు వచ్చాయి. అలాంటి ఇంద్రగణం లేదు. ఆ 'న' తీసేసి, చివరి 'సంచి నుంచితే'ను కాస్త మారిస్తే దారిలో పడుతుంది:

కొత్త యేడు కొన్న కొత్త పుస్తకములు
బల్లమీద నన్ని వాలిపోవ
గులకరాళ్లు నింపి గుడ్డసంచిని నుంచ
చదువురాని రాయి చదువు నిలిపె

రాసింది పైకి చదువుకో. తడబడిన చోటే తప్పు ఉంటుంది.

*

భారతం ఈ ఏడైనా పూర్తి చేయాలని సంకల్పించిన మిత్రుడిది.

అడవి కథల యందు నాగె నా పఠనమ్ము
నన్నయార్యు కలము నడక వోలె
శేషమెల్ల జారి చెదరిపోకుండగ
చదువురాని రాయి చదువు నిలిపె

చదవగానే మనసు నిండిపోయింది. ఆంధ్ర మహాభారతంలో నన్నయ ఆది, సభాపర్వాలు ముగించి అరణ్యపర్వం నడుమ ఆగాడు. తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టి 15 పర్వాలు రాశాడు. మిగిలిన అరణ్యపర్వశేషాన్ని తర్వాతి కాలంలో ఎఱ్ఱన పూరించాడు. భారతం చదవబూనిన పాఠకుల్లోనూ చాలామంది ఆ అడవిలోనే ఆగిపోతారు. 'శేషము' అన్న మాటలో బల్లమీద మిగిలిన సంపుటాలూ ఉన్నాయి, ఎఱ్ఱన పూరించిన శేషమూ ఉంది. ఇంతకంటే పొదుపుగా చెప్పడం కష్టం.

చెల్లెలి సందేహం: "అకారానికి 'నా' యతి ఎలా కుదిరింది?" 'యందున్ + ఆగె' అని విడదీసి చూడమ్మా. అక్కడున్న నకారం ద్రుతం వల్ల వచ్చింది. యతి చూడాల్సింది దాని వెనకున్న ఆకారానికి. అ, ఆలకు మైత్రి ఉంది. మూడో పాదంలో 'శే'కు 'చె' కూడా సరైనదే.

ఒక్క సూచన, పద్యానికి కాదు, బల్లకు. భారత సంపుటాలు బరువైనవి. అంత బరువు ఒక్కసారి ఒరిగితే చేతిలో పట్టేంత రాయి నిలవదు. ఇనుపరేకును 'ఎల్' ఆకారంలో వంచిన రకం అక్కడ మేలు. దాని అడుగురేకు పుస్తకాల కిందికి పోతుంది, పుస్తకాల బరువే దాన్ని అదిమి పడుతుంది. రేకుతో చేసే అలాంటి బుక్‌ఎండ్‌కు విలియం స్టెబిన్స్ బార్నార్డ్ 1877లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. గ్రంథాలయాల్లో నేటికీ కనబడేది ఆ పద్ధతే. రాయిని వదలలేమంటే, ఆ రేకు మీదే రాతిపలక అంటించుకోవచ్చు.

*

"నిలిపె అంటే ఆపింది అన్న అర్థంలో ఎవరూ రాయలేదేం?" అంటూ చెక్కపని మిత్రుడే పంపారు.

చెక్కి చెక్కి నునుపు చేయుచు నుండగ
పొద్దు గడచిపోయె, పుటలు మిగిలె
ముచ్చటైన పనియె మునుముందు సాగంగ
చదువురాని రాయి చదువు నిలిపె

'పుటలు మిగిలె' దగ్గర ఆగిపోయాను. చేతిపనిలో మునిగినవారి సాయంత్రాలు అలాగే కరుగుతాయి. పుస్తకం కోసం మొదలుపెట్టిన పని పుస్తకం చదివే వేళనే తీసుకుంటుంది, అయినా ఆ పని మీద కోపం రాదు. నడక కూడా చక్కగా ఉంది. మూడో పాదం మాత్రం కొంచెం పలచన. 'మునుముందు' యతికి ఉపయోగపడింది తప్ప భావానికి ఏమీ ఇవ్వలేదు. ఆ చోట రాయి రకమో ఉలి చప్పుడో వస్తే బాగుండేది.

చెక్కాలని ఉండీ నల్లరాయి గట్టిదనానికి జంకేవారికి మెత్తని బలపపు రాయి ఉంది. చాకుతో చెక్కవచ్చు, గరుకు కాగితంతో రుద్దవచ్చు. తడిపి రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. నూనె పట్టిస్తే రాయి రంగు నిగ్గుతేలుతుంది గానీ, బాగా ఆరేవరకు పుస్తకానికి ఆనించవద్దు. మరక అట్టకు దిగితే పోదు. చెక్కకు అవిసె నూనె రాసేవారు ఆ తుడిచిన గుడ్డను ఉండచుట్టి పారేయవద్దు, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరబెట్టండి.

*

బలపం మాట వినగానే బడిపంతులుగారు పంపిన పద్యం.

బాల్యమందు చేత బలపమై తిరిగెను
నేడు పొత్తములకు నీడ యయ్యె
నాటి యోనమాలు నేటి యాశలు కాచి
చదువురాని రాయి చదువు నిలిపె

మాస్టారూ, నమస్కారం. అక్షరాలు దిద్దించిన రాయే పెద్దయ్యాక చదవాలనుకున్న పుస్తకాలకు కాపు కాస్తున్నదన్నారు. ఈ సమస్యలో ఇంత దూరం దాగి ఉందని పాదం ఇచ్చేటప్పుడు నాకు తోచలేదు. మూడో పాదంలో 'నాటి, నేటి' ప్రాసయతి. నాలుగు పాదాలకూ కర్త రాయి ఒక్కటే, అందుకే అన్వయం ఎక్కడా తెగలేదు. కొత్తగా రాసేవారు ఈ పద్యాన్ని ఒకసారి చేత్తో రాసుకుని చూడండి.

*

మరో పూరణ శాసనాల వైపు వెళ్లింది.

తాటియాకు చివికి దారి తప్పిన వేళ
శాసనముగ నిలిచె జాతి నుడియు
చెక్కినట్టి యుగము చెరిగిపోయినగాని
చదువురాని రాయి చదువు నిలిపె

ధార బాగుంది, తప్పు లేదు. అయితే ఇచ్చిన విషయానికి దూరం. విడిగా దాచుకోదగ్గ పద్యం, ఈ వరుసలో లెక్కించలేను.

*

చివరిగా వచ్చింది గ్రంథాలయంలో పనిచేసే అక్కయ్యది.

రెండు రాళ్ల నడుమ నిండుగా నీ యేడు
చదువదలచినట్టి చాలు పేర్చి
యొకటి ముగియ జరిగి యొకయింత దగ్గరై
చదువురాని రాయి చదువు నిలిపె

దీనికి కింద అక్కయ్య రాసిన వివరణ కూడా ఇస్తున్నాను: "అల్మరా అంతా కాదు. ఈ ఏడాదికి అనుకున్నవి మాత్రమే రెండు రాళ్ల మధ్య పెడతాను. చదివింది తీసి అల్మరాలోకి పంపేస్తాను, ఖాళీ పడినంత మేర రాయి లోపలికి జరుపుతాను. బిగించి పెట్టను. బిగిస్తే పుస్తకం తీసేటప్పుడు వెన్ను పైకొస పట్టి లాగుతాం, అక్కడే చిరుగుతుంది. వేళ్లతో వెన్నుకు రెండువైపులా పట్టి తీసేంత సందు ఉండాలి. పొడుగు పుస్తకం పక్కన పొట్టి పుస్తకం వద్దు, ఎత్తులు దగ్గరగా ఉన్నవే ఒకదానికొకటి ఆసరా."

ఇప్పటిదాకా వచ్చిన పద్యాల్లో రాయి కదలక నిలబడింది. ఇక్కడ కదిలింది. ఒక్కో పుస్తకం ముగిసినప్పుడల్లా రెండు రాళ్లూ దగ్గరవుతున్నాయి. చదవాలన్న కోరిక అందరిదీ, అది ఎంతవరకు తీరిందో కంటికి కనబడేలా చేసింది ఈ పద్యం ఒక్కటే. సమస్యలోని అసంబద్ధత పోవడానికి అక్కయ్య మాటలతో గారడీ చేయలేదు, రోజూ చేసే పనిని పద్యంలో పెట్టారు.

ఒక సవరణ తప్పదు. 'పేర్చి' క్త్వార్థకం (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ). కర్త మారకూడదు కనుక, పేర్చింది కూడా రాయే అన్న అర్థం వస్తుంది. 'పేర్చ' అంటే పేర్చగా అని అర్థం, కర్త వేరైనా ఇబ్బంది లేదు. ద్రుతం వచ్చింది కాబట్టి తర్వాతి పాదం 'నొకటి' అవుతుంది, యతి ఒకారానికే కనుక చెడదు:

రెండు రాళ్ల నడుమ నిండుగా నీ యేడు
చదువదలచినట్టి చాలు పేర్చ
నొకటి ముగియ జరిగి యొకయింత దగ్గరై
చదువురాని రాయి చదువు నిలిపె

బడిపంతులుగారు అడిగారు: "రాయి తనంత తాను జరుగుతుందా? 'జరిపి' అనవద్దా?" మాస్టారూ, 'జరిపి' అంటే జరిపేది మనిషి, మళ్లీ కర్త మారుతుంది. అక్కయ్య చేతి పని రాయికి ఆపాదించారు, కవికి ఆ చనువు ఉంది. నేను 'జరిగి' పక్షం. మీకు తృప్తి కలగకపోతే వేరే మాట సూచించండి, యతి చెడకుండా కుదిరితే సంతోషంగా మారుస్తాను.

ఈ వారం మొదటి స్థానం అక్కయ్య పద్యానికే ఇస్తున్నాను. బలపం పద్యం శిల్పంలో దీనికి ఏమాత్రం తక్కువ కాదని తెలిసే ఇస్తున్నాను.

తర్వాతి సమస్య తేటగీతిలో. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, యతి నాలుగో గణం మొదటి అక్షరానికే:

"చదివి ముగియని పొత్తమె చాలు నాకు"