బొంతలు, బ్లౌజులు కుట్టేవారికి ఎలాంటి ఇస్త్రీ పెట్టె మంచిది?

ప్రశ్న: అతుకులబొంత, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. ఇంటి దగ్గర బ్లౌజులు, పిల్లల గౌన్లు కుట్టే నేను కొంతకాలంగా మిగిలిన నూలు ముక్కలతో అతుకుల బొంతలు కూడా కుడుతున్నాను. రోజూ బట్టలకు వాడే స్టీమ్ ఇస్త్రీ పెట్టెనే ఈ పనికీ వాడుతున్నాను గాని, దానితో రెండు చిక్కులు వస్తున్నాయి. వేడి కాస్త తగ్గితే చాలు, అడుగు రంధ్రాల్లోంచి నీటిబొట్లు కారి తెల్ల గుడ్డ మీద గోధుమరంగు మరకలు పడుతున్నాయి. పైగా క్రాస్‌గా (ఏటవాలుగా) కత్తిరించిన ముక్కలు ఇస్త్రీ అయ్యేసరికి సాగిపోయి, పక్క ముక్కతో కలిపేటప్పుడు మూలలు కుదరడం లేదు. కుట్టు కుట్టుకూ ఇస్త్రీ తప్పదు కనుక పెట్టె గంటల తరబడి వేడిగా ఉండాలి. రెండు వేల రూపాయల లోపు డ్రై (ఆవిరి లేనిది) తీసుకోవాలా, స్టీమ్ తీసుకోవాలా? బరువు, వాట్లు ఎంత ఉంటే మంచిదో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: కత్తెరపని, హైదరాబాదు

నమస్కారమండీ. మీరు చెప్పిన పనికి అడుగున రంధ్రాలు లేని, బరువైన డ్రై ఐరన్ తీసుకోమనే నా సలహా. చొక్కా ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెను ముందుకూ వెనక్కూ లాగుతాం కాబట్టి తేలికపాటిది చేతికి సుఖంగా ఉంటుంది. అతుకుల పనిలో మాత్రం లాగకూడదు. కుట్టు మీద పెట్టి, ఒకటి రెండు క్షణాలు ఉంచి, పైకెత్తి పక్కన పెట్టాలి. అప్పుడు నొక్కే పనంతా పెట్టె బరువే చేస్తుంది. కిలో లోపు పెట్టెతో మీరే చేత్తో అదిమి పట్టాల్సి వస్తుంది, సాయంత్రానికి మణికట్టు నొప్పి పుడుతుంది. రెండు కిలోలకు దగ్గరగా ఉండే డ్రై ఐరన్లు ఇప్పటికీ బజారులో దొరుకుతున్నాయి, మీ బడ్జెట్‌లోనే వస్తాయి.

ముక్కలు సాగడానికి కారణం ఆవిరి, లాగడం, రెండూ కలవడమే. క్రాస్‌గా కోసిన అంచులో నిలువు దారంగాని అడ్డ దారంగాని పట్టి ఉంచదు. దానికి తడి, వేడి తగిలి, పైనుంచి పెట్టె లాగితే గుడ్డ ఎటు లాగితే అటు పోతుంది. అందుకని కత్తిరించక ముందే గుడ్డను ఉతికి, పలచని గంజి పెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, ఆ తరువాతే కొలతలు గీయండి. కుంచించుకుపోయే గుడ్డ ఉతుకులోనే కుంచించుకుపోతుంది, గంజి పట్టిన అంచు సాగదు. ముందుగా కుట్టును కుట్టినట్టే మూసి ఉంచి ఒకసారి నొక్కండి, దారం గుడ్డలో సర్దుకుంటుంది. ఆ తరువాత విప్పి, కుట్టు మార్జిన్‌ను ముదురు రంగు ముక్క వైపు మళ్లించి నొక్కితే తెల్ల ముక్క కింద నీడ కనిపించదు. తడి కావాలనిపించిన చోట స్ప్రే సీసాతో చిలకరించుకోవచ్చు. ఎక్కడ ఎంత నీళ్లు పడాలో అప్పుడు మీ చేతిలోనే ఉంటుంది.

ముక్కు సన్నగా ఉన్నదాన్ని ఎంచుకోండి. మడత విప్పేటప్పుడు ఆ సన్నని మొనే మొదట దూరుతుంది. గంజి వాడితే అడుగున మాడి పేరుకుంటుంది కనుక, వేడి తగ్గాక తడిగుడ్డతో తుడవడం అలవాటు చేసుకోవాలి.

జవాబు: వైరింగ్‌పని, గుంటూరు

పై సలహాతో నేను ఏకీభవిస్తాను. విద్యుత్తు వైపు నుంచి కొన్ని మాటలు చేరుస్తాను.

గంటల తరబడి వాడే పెట్టెలో ముందు చూడాల్సింది థర్మోస్టాట్, అంటే వేడిని అదుపులో ఉంచే భాగం. ప్లగ్ పెట్టగానే దీపం వెలిగి, వేడి సరిపోగానే ఆరి, మళ్లీ వెలగాలి. మొదటిసారి ఆరినప్పుడు అడుగు వేడి అనుకున్నదానికంటే ఎక్కువగా ఉండవచ్చు కాబట్టి, రెండోసారి ఆరేదాకా ఆగి పని మొదలుపెట్టడం మంచిది. బట్టల లేబుళ్ల మీద ఒక చుక్క ఉంటే సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలకు 150, మూడు చుక్కలకు 200 డిగ్రీలు పైపరిమితి. నూలుకు మూడు చుక్కలు, పాలియెస్టర్ కలిసిన ముక్కలకు రెండుకు మించకూడదు. ఒకే బొంతలో రెండు రకాలూ ఉంటే తక్కువ వేడినే ప్రమాణంగా పెట్టుకోవాలి.

వాట్ల విషయానికొస్తే, మన 230 వోల్టుల సరఫరాలో 1000 వాట్ల పెట్టె దాదాపు 4.3 ఆంపియర్లు తీసుకుంటుంది, కనుక మామూలు 6 ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది. 2000 వాట్లదైతే 8.7 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల పాయింటే ఉండాలి. కుట్టుమిషను, ఫ్యాను, ఇస్త్రీ పెట్టె అన్నీ ఒకే సన్నని ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే దాని వైరు వేడెక్కి కరిగిపోతుంది, దయచేసి అలా చేయకండి. తడి గుడ్డ మీద పనిచేసే వస్తువు కాబట్టి మూడు పిన్నుల ప్లగ్, పనిచేసే ఎర్త్ తప్పనిసరి. పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు, దానితోపాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూడండి; ఆ సంఖ్య అసలుదో కాదో ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. వైరు పెట్టెలోకి వెళ్లే చోట మడతలు పడి తెగడం మామూలు, ఆ మెడ అటూ ఇటూ తిరిగేదైతే ఎక్కువకాలం నిలుస్తుంది.

జవాబు: డాలస్‌లో క్విల్టింగ్

నేను కొంచెం భిన్నంగా చెబుతాను. స్టీమ్ పెట్టెను పూర్తిగా పక్కన పెట్టేయనక్కరలేదు. జీన్స్ ముక్కలు, ముతక లినెన్, అనేక పొరలు కలిసే కూడళ్లు ఆవిరి లేకుండా చదునుగా కూర్చోవు. బొట్లు పడటానికి కారణం, వేడి తక్కువగా ఉన్నప్పుడు నీళ్లు ఆవిరి కాకుండానే బయటికి రావడం; నాబ్‌ను ఆవిరి గుర్తు దాటించి ఉంచాలి. బోరు నీళ్లు పోస్తే సున్నం పేరుకుని తెల్లని పెళ్లలు, మరకలు వస్తాయి. డిస్టిల్డ్ వాటర్ వాడి, పని కాగానే ట్యాంకు ఖాళీ చేస్తే చాలావరకు తగ్గుతాయి.

ఆటో షటాఫ్ (కాసేపు వాడకపోతే తానే ఆగిపోయే ఏర్పాటు) ఉన్నదాన్ని కొనేముందు అది ఎన్ని నిమిషాలకు ఆగిపోతుందో అడిగి తెలుసుకోండి. మిషను దగ్గర పది ముక్కలు కుట్టి వచ్చేసరికి పెట్టె చల్లబడి ఉంటే చాలా విసుగ్గా ఉంటుంది. అయితే ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ విసుగును ఓర్చుకోవడమే మేలు. ఇంకొక మాట: అమెరికా నుంచి ఎవరైనా క్విల్టింగ్ (బొంతల పని) ఐరన్ తెచ్చిస్తామంటే వద్దనండి. ఇక్కడివి 120 వోల్టులకు చేసినవి, అక్కడ ప్లగ్ పెడితే కాలిపోతాయి.

మళ్లీ ప్రశ్న: అతుకులబొంత, రాజమహేంద్రవరం

ముగ్గురికీ కృతజ్ఞతలు. బరువైన డ్రై ఐరన్ కొని, పాతదాన్ని మందపు గుడ్డలకు ఉంచుకుంటాను. ఒక్క సందేహం మిగిలింది. బ్లౌజు మెడ గట్టిగా నిలవడానికి వేడితో అతికించే ఫ్యూజింగ్ క్యాన్వాస్ (ఒకవైపు జిగురున్న గుడ్డ) ఉతికాక బుడగలుగా లేస్తోంది. జరీ అంచు ముక్కలను కూడా బొంతలో వాడాలని ఉంది. డ్రై ఐరన్‌తో ఇవి కుదురుతాయా?

జవాబు: కత్తెరపని, హైదరాబాదు

ఫ్యూజింగ్‌కు డ్రై ఐరనే మేలండీ. రంధ్రాలున్న చోట వేడి తగలక జిగురు సరిగా పట్టదు, ఉతికితే అక్కడే బుడగ లేస్తుంది. జిగురు వైపు గుడ్డకు ఆనించి, పైన పలచని నూలు గుడ్డ కప్పి, పది పదిహేను సెకన్లు కదపకుండా నొక్కి, ఎత్తి పక్క చోట పెట్టండి. పూర్తిగా చల్లారేదాకా ముక్కను ముట్టుకోవద్దు. జరీకి వేడి తగ్గించి, తిరగేసి, గుడ్డ కప్పి మాత్రమే నొక్కాలి. ముందు ఒక చిన్న ముక్క మీద చేసి చూడండి, ఎందుకంటే ఇప్పటి జరీలో చాలావరకు ప్లాస్టిక్ పొర ఉంటుంది, మూడు చుక్కల వేడికి అది ముడుచుకుపోతుంది.