వెలిగే బాక్టీరియాతో బొమ్మ గీయవచ్చు గాని, వెలిగే చేపను ప్రదర్శనలో పెట్టకూడదా?

వాల్తేరు చిత్రలేఖ

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో చిత్రకళలో పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సంవత్సరాంత ప్రదర్శనకు ఎంచుకున్న పని గురించి ఒక సందేహం నెల రోజులుగా నన్ను వదలడం లేదు. ఇక్కడ కళ తెలిసినవారూ జీవశాస్త్రం తెలిసినవారూ ఉన్నారు కనుక అడుగుతున్నాను.

పని ఇది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున కొన్న, స్క్విడ్ అనే సముద్రజీవిని తాజాగా ఉప్పునీటిలో సగం మునిగేలా పెట్టి, చల్లని చోట ఒక రాత్రి ఉంచితే, దాని చర్మం మీద నీలిపచ్చని చుక్కలు వెలుగుతాయి. అవి కాంతినిచ్చే సముద్రపు బాక్టీరియా. ఒక చుక్కను సూదితో ఎత్తి, సముద్రపు నీటితో చేసిన అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) పళ్లెం మీద గీస్తే, మరునాటికి ఆ గీత పెరిగి చీకట్లో వెలుగుతుంది. ఒక స్నేహితురాలి ప్రయోగశాలలో మొదటిసారి లైటు ఆర్పినప్పుడు కొన్ని నిమిషాల పాటు నాకు ఏమీ కనిపించలేదు. కళ్లు చీకటికి అలవాటు పడిన తరువాత, భీమిలి నుంచి యారాడ దాకా నేను గీసిన తీరరేఖ, డాల్ఫిన్స్ నోస్ దగ్గర నా చెయ్యి వణికి పడిన వంకరతో సహా, మెల్లగా పైకి తేలింది. రెండో రోజు మసకబారింది, మూడో రోజుకు ఆరిపోయింది. ఇటువంటి పళ్లేలు ముప్పై చేసి ఒక చీకటి గదిలో పరచాలని నా ఉద్దేశం.

నాతో కలిసి ప్రదర్శిస్తున్న మిత్రుడు ఆ గది మధ్యలో జన్యుమార్పిడి చేసిన వెలిగే చేపల తొట్టి పెడదామన్నాడు. నేను వెంటనే వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పమని అతడు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ‘బాక్టీరియాకు లేని హక్కు చేపకు ఎక్కడి నుంచి వచ్చింది? పోనీ, నువ్వు కొన్న స్క్విడ్ మాటేమిటి?’ అన్నాడు. 2000లో ఎడ్వార్డో కాట్స్ అనే కళాకారుడు ఫ్రాన్సులోని ఒక ప్రయోగశాలలో పుట్టిన ఆల్బా అనే కుందేలును తన కళాకృతిగా ప్రకటించిన సంగతినీ గుర్తుచేశాడు. జెల్లీఫిష్ జన్యువు చేర్చినందువల్ల నీలికాంతి పడితే పచ్చగా మెరిసే కుందేలు అది.

నా పనిలో తప్పు లేదని, అతడి పనిలో ఉందని నా మనసు చెబుతోంది. అది ధర్మమో, లేక చేపకు కళ్లుండి నన్ను చూస్తుంది కాబట్టి కలిగే జంకో తేల్చుకోలేకపోతున్నాను.

సూక్ష్మజీవి

చిత్రలేఖ గారూ, నేను ఇరవై ఏళ్లుగా మైక్రోబయాలజీ పాఠాలు చెబుతున్నాను కనుక ముందు బాక్టీరియా సంగతి చూద్దాం. వాటికి నాడీమండలం లేదు. నొప్పి అనే మాటకు అక్కడ అర్థం లేదు. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కూడా రంగురంగుల బాక్టీరియాతో పళ్లేల మీద సరదాగా బొమ్మలు వేసేవాడు. కాబట్టి మీ పళ్లెంలోని జీవికి మీరు అన్యాయం చేస్తున్నారా అన్న బెంగ పెట్టుకోకండి. మీరు ఆలోచించవలసింది పళ్లెం బయట ఉన్నవారి గురించి.

స్క్విడ్ చర్మం మీద వెలిగే చుక్క ఏ జాతిదో కంటితో చెప్పలేము. సముద్రంలో వెలిగే వాటిలో విబ్రియో హార్వేయి ఒకటి. అది రొయ్య పిల్లలకు తెగులు తెస్తుంది. ఆ తెగులు సోకిన హేచరీ తొట్టెలు రాత్రిపూట వెలుగుతాయి, ఆ వెలుగు చూసి మురిసిపోయే హేచరీ యజమాని ఎవరూ ఉండరు. మన తీరంలోని హేచరీలన్నీ సముద్రం నుంచే నీరు తోడుకుంటాయి. ‘సముద్రం నుంచి వచ్చినదే కదా, సముద్రంలోకే పోతుంది’ అని మీరనవచ్చు. చెంచాడు సముద్రపు నీటిలో ఇటువంటివి ఉండేది కొద్ది, మీ పళ్లెంలో పెరిగేవి కోట్లకు కోట్లు. అంత చిక్కగా పెరిగినందువల్లే అవి వెలుగుతున్నాయి కూడా. ఇటువంటి బాక్టీరియాలో చాలావరకు గుంపు కూడితే తప్ప దీపం పెట్టవు. ఒకదాని రసాయన సంకేతాన్ని మరొకటి పసిగట్టి, తగినంత మంది చేరామని తెలిశాకే కాంతి మొదలుపెడతాయి. పైగా అదే అగార్ మీద మనిషి పుండులోకి చేరితే ప్రమాదం తెచ్చే విబ్రియోలు కూడా మొలవవచ్చు.

ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కళాశాలలో విద్యార్థులు ఉత్సవం కోసం సెరేషియా అనే ఎర్రని బాక్టీరియాతో ముగ్గులు వేశారు. చాలా బాగున్నాయి, ఫొటోలు తీసుకున్నాం, చప్పట్లు కొట్టాం. మరునాడు ఉదయం ఊడ్చే ఆమె చెత్తబుట్టలోంచి ఆ గాజు పళ్లేలను ఏరి కుళాయి కింద కడుగుతోంది. మూతలు చక్కగా ఉన్నాయి, కుంకుమ పెట్టుకోవడానికి పనికొస్తాయండీ అంది. నేను వాటిని ఆమె చేతిలోంచి లాక్కున్నంత పని చేసి, సబ్బుతో చేతులు కడిగించాను. ఆమెకు ఏమీ కాలేదు. కాని ఆ ముగ్గుల్లో కళ ఎంత ఉందో చర్చించిన మాలో ఒక్కరికీ ఆ పళ్లేలు ఎవరి చేతిలో పడతాయన్న ఆలోచన రాలేదు. సెరేషియా నిరపాయకరమని ఒకప్పుడు అందరూ నమ్మేవారు. ఆ నమ్మకంతోనే 1950లో అమెరికా నౌకాదళం దానిని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మీదికి రహస్యంగా పిచికారీ చేసింది. బలహీనులకు అది జబ్బు తెస్తుందని ఇప్పుడు వైద్యులందరికీ తెలుసు.

అందుచేత పళ్లేలను ప్రదర్శనలో ఎవరూ తెరవలేనట్టు మూయండి. పూర్తిగా గాలి ఆడకుండా మూస్తే ఆక్సిజన్ అందక వెలుగు తగ్గిపోతుంది కాబట్టి పారాఫిల్మ్ (కొద్దిగా గాలి ఆడనిచ్చే సాగే మైనపు పొర) చుట్టండి, పైన అద్దం పెట్టెలో ఉంచండి. పని అయ్యాక అన్నింటినీ ఆటోక్లేవులో, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో, 121 డిగ్రీల దగ్గర కనీసం పావుగంట ఉంచి, ఆ తరువాతే పారేయండి. చేపల విషయంలో చట్టం వేరు: 1989 నాటి నిబంధనల ప్రకారం మన దేశంలో జన్యుమార్పిడి జీవిని అనుమతి లేకుండా దిగుమతి చేసుకోవడానికి గాని, వాడుకోవడానికి గాని వీలులేదు. మీ మిత్రుడు ముందు ఆ గడప దాటాలి.

అంకుడుకర్ర

మా అమ్మమ్మగారి ఊరు ఏటికొప్పాక. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మామయ్య లక్కబొమ్మ చేస్తుంటే పక్కన కూర్చునేదాన్ని. తరిమెన మీద అంకుడు కర్ర గిరగిరా తిరుగుతుంటే దానికి రంగు లక్క కడ్డీని ఆనించేవాడు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకునేది, తరువాత మొగలి ఆకుతో నునుపు చేసేవాడు. ఆ వాసన ఇప్పటికీ గుర్తు. ఆ లక్క ఒక పురుగు ఒంటి నుంచి వస్తుందనీ, కొమ్మల మీద పేరుకున్న లక్కను గీకి, దంచి, కడిగేటప్పుడు అందులో ఉన్న పురుగులు పోతాయనీ నాకు కాలేజీకి వచ్చాక గాని తెలియలేదు. రంగులు పసుపు కొమ్ము, నీలిమొక్క వంటి వాటితో చేసినవి కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదని గర్వంగా చెప్పే మేము, పురుగు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ప్రాణంతో కళ కొత్త కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పట్టుకాయను మరిగే నీటిలో వేసి దారం తీస్తాం. హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్య గారు లోపలి పురుగు రెక్కల చిలుకగా మారి బయటికి వచ్చాక మిగిలిన కాయతో ‘అహింసా పట్టు’ చేసి చూపించారు. ఆ పట్టుదల మెచ్చుకోదగినదే. అయితే వేల ఏళ్లుగా మనిషి పెంపకంలో ఉన్న ఆ చిలుక ఎగరలేదు, తినలేదు, వందల గుడ్లు పెట్టి కొన్నాళ్లకే పోతుంది. ఆ గుడ్లు పొదిగి వచ్చే పిల్లలకు మల్బరీ ఆకు ఎవరు వేస్తారు? చంపకుండా ఉండడంతోనే పని అయిపోదు.

ఆస్ట్రేలియాలో ఓరన్ కాట్స్, అయోనాట్ జుర్ అనే ఇద్దరు కళాకారులు ఈ ప్రశ్ననే ఎదురుగా పెట్టారు. 2004లో సీసాలో జీవకణాలు పెంచి బొటనవేలంత కోటు చేసి, దానికి ‘బలిలేని తోలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరులో వెటకారం ఉంది: ఆ కణాలకు పోసే ఆహారంలో కబేళాలో చూడి ఆవు కడుపులోని దూడ రక్తం నుంచి తీసిన ద్రవం ఉంటుంది. 2008లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఆ కోటు అనుకున్నదానికంటే వేగంగా పెరిగి, గొట్టాలు మూసుకుపోయి, చెయ్యి ఊడే స్థితి వచ్చింది. ఆహారం ఆపించవలసింది ప్రదర్శన నిర్వాహకురాలే. గోడకు బొమ్మలు తగిలించే ఉద్యోగంలో చేరిన మనిషికి అటువంటి నిర్ణయం ఎదురుపడడమే ఆ కళాకృతిలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. అదే ఇద్దరూ మరికొన్ని ప్రదర్శనల చివర తాము పెంచిన కణాల బొమ్మలను తాకమని ప్రేక్షకులనే ఆహ్వానించేవారు. చేతుల మీది సూక్ష్మజీవులు అంటుకుని అవి చనిపోయేవి.

కాబట్టి పట్టుచీర కట్టుకుని వచ్చి మీ పళ్లెం ముందు నిలబడి ‘పాపం’ అనే వారికి మీరు జంకనక్కరలేదు. మీ మిత్రుడిని కూడా నేను అంత తేలికగా తోసిపుచ్చను.

పాతపోస్టాఫీసు వాసి

అంకుడుకర్ర గారి మాటల్లో సగంతో ఏకీభవిస్తాను. మనం ఇదివరకే చేస్తున్నాం కనుక ఇదీ చేయవచ్చు అనే సగంతో ఏకీభవించను. లక్కబొమ్మ లక్క లేకుండా రాదు. చేపల తొట్టి లేకుండా ఆ చీకటి గది ఉంటుందా లేదా అన్నది ముందు అడగండి. ఉంటుంది; చిత్రలేఖ గారు ఇప్పటికే ఊహించారు.

డెన్మార్కులో 2000లో మార్కో ఎవరిస్తి అనే కళాకారుడు పది మిక్సీలలో నీళ్లు పోసి గోల్డ్‌ఫిష్‌లను వదిలి, మీట నొక్కే స్వేచ్ఛ ప్రేక్షకులకు ఇచ్చాడు. నొక్కినవారు ఉన్నారు. మ్యూజియం డైరెక్టరు మీద జంతుహింస కేసు నడిచి, చేపలు క్షణంలో చనిపోయాయి కాబట్టి హింస కాదని 2003లో కోర్టు కొట్టివేసింది. మనిషిలోని క్రూరత్వాన్ని చూపించాడని మెచ్చుకున్నవారున్నారు. నాకు మాత్రం, ఆ సంగతి తెలుసుకోవడానికి చేప ప్రాణం ఖర్చు చేయవలసినంత అజ్ఞానంలో మనం లేమనిపిస్తుంది. ఇక మన చట్టం: 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మనిషి తప్ప ప్రతి ప్రాణీ జంతువే, కాని మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. చట్టం ఆపుతుందని కూర్చోవద్దు.

మనవైపు చెరువుల్లో దొరికే గాజుచేపను తెలిసినవారికి తెలుస్తుంది, లోపలి వెన్నుముల్లు కూడా కనిపించేంత తేట ఒళ్లు దానిది. దానికి సిరంజితో రంగు ఎక్కించి అక్వేరియాలకు అమ్ముతారు. నేను ఒకప్పుడు మా అబ్బాయికి అటువంటివి నాలుగు కొనిపెట్టాను: వీపు మీద గులాబీ, పచ్చ చారలు. రంగు కొన్ని నెలలకు వెలిసిపోయింది, అప్పటికి రెండే మిగిలాయి. పుట్టుకతోనే వెలిగే జన్యుమార్పిడి చేపకు ఆ సూదిపోటు లేదు, అది నిజమే. ఆ విధంగా చూస్తే అది మేలు. కాని ప్రదర్శన ఆదివారం ముగిస్తే సోమవారం ఆ చేపలు ఎవరి ఇంటికి వెళతాయి? ఆల్బా కుందేలును తన ఇంటికి తీసుకెళ్లి పెంచుకుంటానన్నాడు ఎడ్వార్డో కాట్స్. ప్రయోగశాల ఇవ్వలేదు, ఆ కుందేలు అక్కడే ఉండిపోయింది. లోకమంతా దాని ఫొటో చూసింది, దాని మేత మాత్రం ఇంకెవరో వేశారు. మీ మిత్రుడిని ఈ ఒక్కటే అడగండి.

వాల్తేరు చిత్రలేఖ

అడిగానండీ. అతడు హాస్టల్లో ఉంటాడు, సెలవులకు శ్రీకాకుళం వెళ్లిపోతాడు. ‘ఎవరికైనా ఇచ్చేద్దాం’ అన్నాడు, ఆ ఎవరైనా ఎవరని అడిగితే నవ్వేశాడు. రెండు రోజుల తరువాత తనే వచ్చి తొట్టి ఆలోచన మానుకున్నానన్నాడు, అయితే స్క్విడ్ ప్రశ్న వెనక్కి తీసుకోనన్నాడు. అది న్యాయమే. ఒక రాత్రి నీటిలో నానిన దాన్ని వండుకోలేము కదా. బొమ్మ కోసమే కొని పారేశాను. ఇకపై కొనను. హార్బర్‌లో స్క్విడ్ శుభ్రం చేసే ఆడవాళ్ల దగ్గర తీసి పడేసిన చర్మం అడిగి తెచ్చాను, ఒకావిడ ‘ఇదేం చేసుకుంటావమ్మా’ అని సంచిలో వేసి ఇచ్చింది. నిన్న రాత్రి దాని మీద మూడు చుక్కలు వెలిగాయి.

అంకుడుకర్ర గారు చెప్పిన చివరి ఘట్టం నన్ను పట్టుకుంది. పళ్లేలను ఆటోక్లేవులో పెట్టడం ప్రయోగశాల వెనక గుట్టుగా జరిగిపోకుండా, ప్రేక్షకులను పిలిచి చూపించవచ్చునా? సూక్ష్మజీవి గారు అనుమతిస్తే ఆ ఆరిపోవడమే ప్రదర్శన ఆఖరి అంకం చేద్దామనుకుంటున్నాను.

సూక్ష్మజీవి

అందులో చూడడానికి ఏమీ ఉండదమ్మా. తలుపు ఉక్కుది, అద్దం ఉండదు. 121 డిగ్రీలకు చాలా ముందే, ఒళ్లు కాలిన జ్వరమంత వేడికే వెలుగు పోతుంది. చూపించాలనుకుంటే తలుపు మూయకముందే చూపించాలి. పళ్లేలు పెట్టెలోనే ఉంచి ఆటోక్లేవు పక్కన పెట్టండి, గదిలో లైటు ఆర్పి పది నిమిషాలు అందరినీ ఊరికే కూర్చోబెట్టండి, తరువాత వాటిని లోపల పెట్టేది మీరే అయి ఉండండి. గది చిన్నదైతే ఎనిమిది మందికి మించి రానివ్వకండి. ఊడ్చే ఆమెను కూడా పిలవండి.